ఏడు గంటల ఆపరేషన్

జూన్ పన్నెండున, గుండె ఆపరేషన్‌కు పరగడుపున వెళ్ళాల్సిన నాన్న రెండు బిస్కెట్లు తిన్నాడు. డాక్టరు చీవాట్లు పెట్టి నెల వాయిదా వేశాడు. రేపటితో ఆ నెల నిండుతుంది; పొద్దున్న ఏడింటికే ఆపరేషన్. మిల్లులో రాత్రి షిఫ్టుకు బయలుదేరుతున్న కూతురిని నాన్న వంటింటి గుమ్మం దగ్గర ఆపాడు.

“అమ్మా, ఏడింటికి కాదు, పదింటికి మార్చమని ఆసుపత్రికి ఫోన్ చెయ్యి.”

“మళ్ళీనా? ఈసారి మారిస్తే వేరే ఆసుపత్రి చూసుకోమన్నారు. నీ గుండె అన్నాళ్ళు తట్టుకుంటుందా?”

“మూడు గంటలేగా!”

“అంత భయమా నాన్నా? అయితే బిస్కెట్ల డబ్బా నాతో పట్టుకెళ్తాను.”

“భయం కాదే. ఆ రోజు తిన్నానని నర్సుకు చెప్పింది నేనే.”

“కావాలనే తిన్నావా?”

“నీ షిఫ్టు దిగేదే ఏడింటికి. మీ అమ్మనీ ఏడింటికే లోపలికి తీసుకెళ్ళారు. నువ్వొచ్చావా అని రెండుసార్లు అడిగింది. అటునుంచి అటే పోయింది.”

“ఆ మాట నాతో అనొచ్చుగా!”

“అంటే నువ్వు పని మానేస్తావు. ఆ మేస్త్రీ ఊరుకుంటాడా?”

కూతురు చెప్పులు విడిచి ఫోన్ అందుకుంది.

“మేస్త్రీగారూ, ఈ రాత్రి నేను రాను. తిట్టేదేదో ఎల్లుండి తిట్టండి. పొద్దున్న మా నాన్న పక్కన నేనుండాలి.”

ఫోన్ పెట్టేసి నాన్న వైపు తిరిగింది.

“ఇక బిస్కెట్ ముట్టుకున్నావో, నా చేతిలో అయిపోయినట్టే!”

నాన్న నవ్వాడు. గ్లాసుడు నీళ్ళు తాగి, వంటింటి తలుపు తానే మెల్లగా మూసి గడియ పెట్టాడు.