సగం ధరకు సాఫ్ట్‌వేర్

2006 క్రిస్మస్ ముందు, మదనపల్లెలోని ఒక కంప్యూటర్ అంగడికి పాటల స్టూడియో యజమాని వచ్చాడు. అంగడి నడిపే ఆమె ఒకప్పుడు ఆయన స్టూడియోలోనే పాడేది.

"అపస్వరాలు సరిచేసే సాఫ్ట్‌వేర్ నీ దగ్గర సగం ధరకే ఉండాదంట గదమ్మా?"

"పండగ ఆఫర్ అప్పా. ఎవురి గొంతు సరిచేయాల?"

"మా కోడలిది. సీడీలు రేపే కొట్టించాల."

"నేను పాడినవి చెరిపేసి ఆమెతో పాడిస్తివే, ఆ పాటలేనా?"

"అయిపోయిందాన్ని యాల తవ్వుతావమ్మా?"

"పుంగనూరు స్టూడియోకు ఇచ్చినా, కుప్పం వాళ్లకూ ఇచ్చినా. నీకు మాత్రం ఇయ్యను."

"అట్లనొద్దమ్మా. సీడీ మీద నీ పేరు కూడా ఏయిస్తా."

"నేను పాడని పాటకు నా పేరెందుకప్పా? ఆమె పాడింది పాడినట్లే ఊరంతా విననీ."