గాలి మీకు, దుమ్ము వాళ్లకి

ఈ హాల్లో కూర్చున్న మీరందరూ ఈ పూట దొంగ గాలి పీలుస్తున్నారు. పైన తిరిగే ఫ్యాన్లది కాదు, వేదిక వెనకనుంచి హోరుమని కొడుతోందే, ఆ గాలి. అది వేరేవాళ్ల ఊపిరి కోసం కొన్న యంత్రంలోంచి వస్తోంది, మీ ముఖాల మీదికి మళ్లింది. (గుసగుసలు) కంగారు పడకండి, అంతా చెబుతాను. ముందు మర్యాదలు కానిద్దాం, ఎందుకంటే మన నర్సీపట్నంలో ఎంత అన్యాయమైనా మర్యాద తప్పకుండానే జరుగుతుంది.

మన వడ్రంగి సహకార సంఘానికి, ఎన్నికలు పెట్టే శ్రమ ఎవరికీ ఇవ్వకుండా, ఇన్నేళ్లుగా అధ్యక్షులుగా కొనసాగుతూ ఈ సభకీ అధ్యక్షత వహిస్తున్న ఈశ్వరరావు గారికీ, పిలవగానే వచ్చి, శాలువా ఎవరికి కప్పారో ఇప్పుడిప్పుడే కనుక్కుంటున్న ముఖ్య అతిథి గారికీ, ముందు వరసలో పెద్దలకీ, వెనక వరసల్లో మిత్రులకీ, కుర్చీలు చాలక గోడవారన నిలబడ్డ మా షెడ్డు ఆడవాళ్లకీ నమస్కారం. (నవ్వులు)

ఈ సన్మానం చిట్టిరాజుకి. రోలుగుంట మనిషి, మస్కట్‌లో తలుపులూ అల్మరాలూ చేసే వర్క్‌షాపులో పనిచేస్తున్నాడు, సెలవు అయిపోయి ఎల్లుండి విమానం ఎక్కుతున్నాడు. అక్కడ చెక్కని నునుపు చేసే సాండింగ్ మిషన్ కొని మన సంఘానికి పంపించాడు గనక, అతని గురించి రెండు మంచి ముక్కలు చెప్పమని నన్ను పిలిచారు. చెబుతాను. రెండుతో ఆపుతానని మాత్రం నేను మాటివ్వలేదు.

ఎందుకు కొన్నాడో తెలుసా? సంఘం పేరు నిలబెట్టడానికి కాదు, ఆ ఫ్లెక్సీలో రాసింది అబద్ధం. అతని అక్క అప్పలలక్ష్మి మన సంఘం షెడ్డులోనే తలుపులకీ మంచం కోళ్లకీ ఉప్పు కాగితం రుద్దుతుంది. వీడియో కాల్ చేసినప్పుడల్లా మాటకంటే దగ్గే ఎక్కువ వినిపించేది. తనదీ చెక్క పనే, తనూ రోజంతా దుమ్ములోనే ఉండాలి కదా, మరి తనకెందుకు దగ్గు లేదు అని ఆలోచించాడు. తన వర్క్‌షాపులో దుమ్ముని లాగేసే యంత్రం ఉంది. ఇక్కడ అప్పలలక్ష్మి చీర కొంగు ఉంది. తేడా అంతే.

కొనడానికి వెళ్లినప్పుడు అతను చేసిన పని విని తీరాలి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని మిషన్ల దుకాణాలు తిరిగాడు. మిషన్ ఆన్ చెయ్యండి, చెక్క నేను పట్టుకుంటాను అనేవాడు. ఒక సేల్స్‌మాన్, మిషన్ కొనడానికొచ్చావా, పెళ్లిచూపులకొచ్చావా అని వెటకారం చేశాడట. వాళ్లు మెరుపు చూపించారు, మోటారు శక్తి చెప్పారు, టీ కూడా ఇచ్చారు. ఇతను మాత్రం తన చొక్కా చేతులకేసి చూసుకుని, వాటి మీద పొడి పడితే దణ్ణం పెట్టి బయటికొచ్చేసేవాడు. చొక్కా ఉతుక్కుని, మళ్లీ సెలవు దొరికితే ఇంకో దుకాణం. చొక్కా తెల్లగానే మిగిలిన చోట ఆగాడు. అక్కడ రెండు పెట్టెలు కలిస్తేనే ఒక మిషన్. ఒకటి చెక్కని నునుపు చేస్తుంది. రెండోది పెద్ద ఫ్యానూ గొట్టమూ గుడ్డసంచీ ఉన్న డ్రమ్ము, లేచిన దుమ్ముని లేచినచోటే లాగి సంచిలో వేస్తుంది. విడివిడిగా అమ్మనన్నాడట ఆ దుకాణదారు. ఆ పాటి బుద్ధి మన కమిటీకి ఉంటే నేనీ రోజు నోరు మూసుకుని భోజనం చేసి వెళ్లేవాణ్ణి.

రెండు పెట్టెలూ ఓడలో విశాఖకీ, లారీలో ఇక్కడికీ వచ్చాయి. ప్రారంభోత్సవం నేను చూశాను. ఫారిన్ మిషన్ కదా, పసుపు రాశారు, బొట్లు పెట్టారు, తిరిగే పట్టీ మీదే బంతిపూల దండ వేశారు. అధ్యక్షుల వారు స్విచ్ నొక్కారు. దండ తునాతునకలై పూరేకులన్నీ పెద్దల మీద కురిశాయి. ఆహా, ఎంత బాగా కనిపెట్టారు, పూలవాన కూడా కురిపిస్తోంది అని ఒకాయన చప్పట్లు మొదలెట్టారు. (నవ్వులు) ఆయన ఇక్కడే ఉన్నారు, పేరు చెప్పను, కండువా సర్దుకుంటున్నారు.

తర్వాత రెండో పెట్టె దగ్గర పేచీ వచ్చింది. "అది ఏ సామాను చేస్తాదయ్యా? కోడు చేస్తాదా, కిటికీ చేస్తాదా? ఊరికే కరెంటు తాగడానికి." ఇది ఈశ్వరరావు గారి మాట, నేను కల్పించింది కాదు. షెడ్డులో లోడు చాలదని కూడా సెలవిచ్చారు. ఆ తర్వాత ఎవరో తెలివైనవారు గుడ్డసంచి ఊడదీసి మూతి ఇటు తిప్పితే గాలి కొడుతుందని కనిపెట్టారు. ఇంకేం, సంఘం హాలుకి ఫారిన్ కూలర్ వచ్చేసింది, పెళ్లిళ్లకి హాలు అద్దెకిచ్చేటప్పుడు అదో ఘనత. సీరియల్ బల్బులకీ, డీజే పెట్టెలకీ, దీనికీ ఈ హాల్లో లోడు భేషుగ్గా చాలుతోంది. సంచి కూడా వృథా కాలేదు, అందులో కుర్చీల కవర్లు పెట్టుకున్నారు.

మరి షెడ్డులో? సాండింగ్ మిషన్ ఒంటరిగా, పూర్తి వేగంతో తిరుగుతోంది.

చిట్టిరాజు సెలవు మీద వచ్చిన మర్నాడు, ఇద్దరం అక్కడికి వెళ్లాం. ఎదురుగా మనిషి సరిగ్గా కనబడదు, అంత పొడి. రెండో పెట్టె ఏదక్కా అనడిగాడు.

"పెళ్లికెళ్లిందిరా" అంది అప్పలలక్ష్మి.

(నవ్వులు) నవ్వొచ్చే మాటే. ఆవిడా నవ్వబోయింది, నవ్వు కాస్తా దగ్గైపోయింది, అది ఆగేదాకా మేమిద్దరం ఎటు చూడాలో తెలియక నిలబడ్డాం. ఫోన్లో ఎందుకు చెప్పలేదని తమ్ముడు కోప్పడ్డాడు.

"నువ్వంత ఇష్టపడి కొన్నావు, బాగులేదని ఏ నోటితో సెప్పమంటావు? సేత్తో రుద్దినప్పుడు దుమ్ము మెల్లగా లేసేది, మేవూ మెల్లగా పీల్సేవోళ్లం. ఇప్పుడు పని బేగి అవుతాంది, దుమ్మూ బేగి లేస్తాంది. నీ మిషన్ మంచిదేరా."

మంచిదే. అందుకే నాకు కడుపు మండుతోంది. అంత మంచి మిషన్ని సగానికి నరికి, దాంతోనే మనిషిని చంపడం మనకే చేతనైంది. దుమ్ము దగ్గరికి వెళ్లొద్దని డాక్టరు గారు చెప్పారని ఆవిడ కమిటీకి మొరపెట్టుకుంటే, అధ్యక్షుల వారు ఎంతో దయతో, ఆరోగ్యం ముఖ్యమమ్మా, సోమవారం నుంచి రాకు, ఇంటి దగ్గరే ఉండు అన్నారు. దుమ్ము తీసే యంత్రం హాల్లో ఉండొచ్చు, దుమ్ము తిన్న మనిషి మాత్రం షెడ్డులో ఉండకూడదు. ఆ పని పోతే ఆవిడ ఇల్లు ఏం తిని బతుకుతుందో అడిగే దయ మాత్రం ఎవరికీ లేకపోయింది.

మైకు చూస్తున్న గోపీకృష్ణా, ఒక్కసారి దాన్ని ఆపు బాబూ. మైకు కాదు, వెనకాల దాన్ని. (హోరు ఆగింది)

ఉక్కపోస్తోందా? పొయ్యనివ్వండి. ఈశ్వరరావు గారు నా చెవి దగ్గరికొచ్చి, సభ అయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం అంటున్నారు. సభ అయ్యాక భోజనాలే ఉంటాయండీ, మాటలుండవు. నన్ను ఎర్రజెండా మనిషి అంటారు, అనండి. మస్కట్ యజమానులు దేవుళ్లని నేను చెప్పడం లేదు. అక్కడ దుమ్ము సంగతి అడిగేవాడు ఒకడుంటాడు, ఇక్కడ అడిగినవాడికి శాలువా కప్పి కూర్చోబెడతాం.

చిట్టిరాజూ, ఆ శాలువా కింద తల దించుకున్న నీకూ ఒక మాట. దుకాణదారుల్ని నమ్మకుండా చొక్కాతో పరీక్ష పెట్టినవాడివి, మమ్మల్ని మాత్రం పరీక్షించకుండా నమ్మేశావు. మిషన్ దగ్గర నిలబడేవాళ్ల పేరన పంపాల్సింది, పెద్దాయన కదా అని అధ్యక్షుల పేరన పంపావు. వచ్చిన మర్నాడే గొడవ పెట్టాల్సింది, ఊరి మర్యాద అన్నావు. నీ సన్మానం పాడుచేశానని కోపం వస్తే రానీ. నువ్వు ఎల్లుండి వెళ్లిపోతావు. మీ అక్క ఇక్కడే ఊపిరి తియ్యాలి.

ఇక మా కోరికలు. కోరికలు కావు, డిమాండ్లు.

ఒకటి: ఆ డ్రమ్ము ఈ సాయంత్రమే షెడ్డుకి వెళ్లాలి. గొట్టం, సంచి బిగించి సాండింగ్ మిషన్‌కి కలపాలి.

రెండు: కలిపేదాకా సాండింగ్ మిషన్ ఆగాలి, ఆడవాళ్ల కూలి ఆగకూడదు.

మూడు: అప్పలలక్ష్మిని రావద్దన్న మాట అధ్యక్షులు ఈ మైకులోనే వెనక్కి తీసుకోవాలి. ఆవిడ వైద్యం ఖర్చు సంఘం పెట్టుకోవాలి. దుమ్ము లేని పని చూపించాలి.

నాలుగు: షెడ్డులో పనిచేసే ఆడవాళ్లు ఎన్నుకున్న ఇద్దరు ఆడవాళ్లు కమిటీలో ఉండాలి.

అయిదు: నాకు చప్పట్లు వద్దు. ఆ డ్రమ్ము బరువుగా ఉంటుంది, మోయడానికి నలుగురు లేవండి.

ఓపిగ్గా తిట్లు తిన్నందుకు కృతజ్ఞతలు. నేను ఒక పక్క పట్టుకుంటాను. సెలవు.