కాకిని కట్టిన గడ

ది. 11-2-1966.

నా పేరు మాలకొండమ్మ. వయస్సు ముప్పై అయిదు ఉండవచ్చు. ముత్తుకూరు దగ్గరి పట్టపుపాలెంలో చేపలు ఎండబెట్టి అమ్ముతాను. నా భర్త చిన్నపోలయ్య. నిన్నటి వరకు ఉన్నాడు.

యుద్ధకాలంలో మిలిటరీవాళ్లు వేసిన విమానాల బాట మా పాలెం పక్కనే ఉన్నది. ఇన్నేళ్లూ దానిమీదే చేపలు ఎండబెట్టుకున్నాము. వరిచేలకు మందు చల్లే విమానం దిగుతుందని ఈ నెలలో చేపలు తీయించారు. వాసన పోలేదు, కాకులూ పోలేదు. వాటిని తోలడానికి మేస్త్రీ జయరామయ్య నా భర్తను కూలికి పెట్టుకున్నాడు.

నిన్న ఉదయం నా భర్త ఒక కాకిని చంపి, గడకు కట్టి, బాటకు అవతల పాతాడు. చేపల దగ్గర మేము ఎప్పుడూ చేసే పనే. చచ్చినదాన్ని చూసి కాకులన్నీ మూగి గోలచేస్తాయి. పూటకల్లా వెళ్లిపోయి, మళ్లీ కొన్నాళ్లు రావు. విమానం మధ్యాహ్నం అన్నారు. తొమ్మిదింటికే వచ్చింది. అప్పటికి గడ చుట్టూ కాకులే. నేను బాట పక్కనే ఉండి అంతా చూశాను.

"ఆ గడ పీకేయ్‌రా, పరిగెత్తు!" అని జయరామయ్య అరిచాడు.

"విమానం దిగేస్తా ఉండాదయ్యా. అది పోనీండి" అన్నాడు నా భర్త.

జయరామయ్య నా భర్తను మెడ పట్టి బాట మీదికి తోశాడు. ఆయన సగం దాటాడు. కాకులు లేచి విమానానికి అడ్డం పడ్డాయి. ముక్కు దగ్గర తిరిగే ఫంకా వాటిని నరికింది. అద్దం పగిలి విమానం పక్కకు తిరిగింది. ఆ ఫంకాయే నా భర్తనూ నరికింది. తల ఒకచోట, చెయ్యి ఒకచోట. చేతికి నేను కట్టిన తాయెత్తు అట్లాగే ఉన్నది. ఈకలు ఏరి పారేసి ఆయన్ను కోకలో మూట కట్టాను. విమానం నడిపినాయన బతికాడు. సంతోషమే.

జయరామయ్య వచ్చి, "తాగి అడ్డం పోయినాడని చెప్పు మే, నీకే మంచిది" అన్నాడు.

నా భర్త పీకలేకపోయిన గడ నేను పీకాను. దానితోనే జయరామయ్యను కొట్టాను. కిందపడ్డాక కూడా కొట్టాను. పళ్లు రాలాయి, చెయ్యి విరిగింది. కాకి గడకు వేలాడుతూనే ఉన్నది. ఎవరూ చెప్పి చేయించలేదు. నా కోపం ఇంకా తీరలేదు.

నా భర్త తాగి ఉన్నాడని చెబితే నా మీద కేసు లేకుండా చేస్తామని అతని మనుషులు ఈ ఉదయం స్టేషను బయట అన్నారు. నేను చెప్పను. నా భర్త సద్దన్నం తిని పనికి వచ్చాడు. పెట్టింది నేనే. జైలుకు పంపితే పోతాను.

ఇదంతా నా నోటితో చెప్పినదే. రాసింది చదివి వినిపించినప్పుడు జయరామయ్య నా భర్తను బాట మీదికి "పంపాడు" అని ఉన్నది. కొట్టివేయించి "తోశాడు" అని రాయించాను. ఇప్పుడు నిజము.

మాలకొండమ్మ వేలిముద్ర