చౌడు మడిల మట్టయ్య మంద

వేములపల్లిల త్రివేణి చాయ్ హోటల్ కాడ, బల్ల మధ్యల మట్టయ్య కూసున్నడు. గొర్ల కాపరి, పెద్దమనిషి. కోతలైనంక పెంటికల ఎరువుకు తన పొలంల ఎవల మంద పండబెట్టాల్నో, ఎదురుంగ కూసున్న ఉపేందర్ ఇంకా తేల్చలే.

"లక్ష్మీనర్సయ్య గొర్లను తోలిపిస్తవా అల్లుడా? కొడుకు పెండ్లిల నాకు కూరల మూలుగబొక్క ఎయ్యనోడు, నీ భూమికేం బలం పెడ్తడు? నా మంద సంగతి ఇను. నిడమనూరుల మురళీధర్ సారుది చౌడు మడి, గడ్డి గూడ మొలవదు. ఒక్కటంటె ఒక్క రాత్రి నా గొర్లను పండబెట్టిన. తెల్లారెవరకు పెంటికలల్ల పేడపురుగులు జొచ్చినయి. ఏ మంద పండినా అయ్యేదే, కాదనను. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"ఏమైంది తాతా?" గంటె చేతులనే ఆగింది త్రివేణికి.

"నువ్వు చాయ్ పొంగనియ్యకు, పనంటె పని లెక్కుండాలె. ఆ పురుగులు పెంటికలను మన్నులకు గుంజుకపోయినయి, గాడ ఎర్రలు బుట్టినయి, ఒక్కో ఎర్ర నా చేతికర్రంత! అవి లోపల్నే దున్నుతుంటె గట్టు మీద సారు తాగినోని లెక్క ఊగుతుండు. ఎర్రలకు కొంగలొచ్చినయి, కొంగల రెట్టకు వరి లేసింది, వరికి ఎలుకలు, ఎలుకలకు పాములు, పాములకు నెమళ్లు! ఒకదాన్నొకటి తింటనే ఉన్నయి, ఒక్కటి తక్కువగాలె. నెమళ్లు పురి విప్పితె త్రిపురారం దాక నీడ, ఆడోళ్లు ఎండవెట్టిన మిరపకాయలు ఎత్తుకున్నరు."

"అమ్మో!"

"ఆగు బిడ్డా, వరి కరెంటు తీగలు దాటింది. కోతమిషన్ తీస్కొని లోపలికి వొయ్యిన డ్రైవర్ జాన్ ఇప్పటికీ బయటికి రాలే. ఫోన్ చేస్తె దారి దొరుకుత లేదంటడు, పెండ్లాం గట్టు మీదికెల్లి సద్ది ఇసిరేస్తది!"

ఉపేందర్ కడుపు వట్టుకొని నవ్విండు. "చాలు మామా, నీ మందనే తోలుకరా. గొర్లకు కడుపుల నట్టలు గిట్ట లేవు గదా?"

గాడ ఊకుంటె అయిపోతుండె. మట్టయ్య తువ్వాల దులిపి భుజానేసుకున్నడు.

"నట్టలా? పొలంలకు తోలే ముందురోజే సూదులేపిస్త! ఎసొంటి మందనుకున్నవ్? కడుపుల నట్ట సచ్చుడొక్కటే గాదు, ఆ మందు దిగిన పెంటికను ముట్టిన పేడపురుగు గూడ ఖతం! లక్ష్మీనర్సయ్య ఏపిస్తడా గసొంటి మందు?"

ఉపేందర్ నవ్వు ఆగిపోయింది.

"నిరుడు నా పొలంలకు తోలినప్పుడు గూడ ఏపించినవా మామా?"

"ఏపించకుంట తోల్తనా? నా మందంటె ఏమనుకున్నవ్?"

"దున్నేదాక నీ పెంటికలు గులకరాళ్ల లెక్క అట్లనే పడున్నయి. ఒక్క పురుగు ముట్టలే. వానల్లేకనేమో అనుకున్న. పురుగు ముట్టంది, మన్నుల కలవంది, బలం యాడికెల్లి వస్తది?"

త్రివేణి నోరు తెరిచి ఇద్దరిని మార్చి మార్చి సూసింది. చాయ్ పొంగి పొయ్యిల పడ్డది.

"ఏదో ముచ్చటకన్న అల్లుడా..."

"జాన్ వరిల తప్పిపోయిండన్నా మంద నీదే అన్న మామా. నీ అబద్ధాలతోని నా పొలానికేం కాలే. పొద్దటిసంది గీ ఒక్కటే నిజం చెప్పినవు. గందుకే వద్దంటున్న."