వీడియోలో ఏడుపు

"నాకున్న భయం ఒక్కటే డాక్టరమ్మా. నేనిక్కడ మీతో మాట్లాడుతుంటే కింద గదిలో నా పసివాడి ఊపిరి ఆగిపోతుందేమోనని."

డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి ఆ పిల్లతల్లి మాట్లాడుతోంది. ఆ మేడ మొత్తానికీ సిగ్నల్ అందేది అక్కడే. చేతిలోది పక్కవాటా ఆవిడ ఫోను, అందులో వీడియో కాల్‌లో డాక్టరమ్మ. ఆవిడ ఆ పక్కనే బట్టలు ఆరేస్తోంది.

"బిడ్డని పైకి తీసుకురాలేదా?"

"గాలి తగలనివ్వొద్దని పోయినసారి డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆయనా ఇలాగే, ఫోన్లోనే. అందుకే నా ఫోన్లో వీడియో తీసి తెచ్చా. ఇదిగో, కనబడుతోందా?"

"ఎండ పడుతోంది, చెయ్యి అడ్డం పెట్టు. ఆఁ... చొక్కా పైకెత్తి తీశావే, మంచి పని."

"మావాళ్లు చదువు మధ్యలో ఆపేశారు గానీ ఆమాత్రం తెలుసమ్మా."

"డొక్కలెగరేస్తున్నాడు. కానీ ఏడుపు గట్టిగానే ఉంది. అది మంచిదే."

"విన్నావా పిల్లా? ఏడ్చేవాడికి ఏం కాదని నేను చెప్పలా? ఊరికే హడలి చస్తావు."

"ఉండక్కా. మందేదైనా రాస్తారా అమ్మా?"

"ఆసుపత్రికి తీసుకెళ్లలేవా?"

"పొద్దున పోయే బస్సు తప్పితే ఇంకోటి లేదు. వాళ్ల నాన్న పనికెళ్లిపోయాడు. మీరే దిక్కనుకుని ఫోన్ పట్టుకున్నా."

"సరే. పెదాలు నీలంగా ఉన్నాయేమో... ఇందులో తెలీడం లేదు. ఇది ఎప్పుడు తీశావు?"

"ఇందాకే."

"ఇందాకంటే?"

"మీరు దొరికేదాకా ఫోన్లో వరసలో ఉండమన్నారమ్మా. పాటేదో వినిపిస్తూనే ఉన్నారు. పెట్టేస్తే మళ్లీ మొదటికొస్తుందన్నారు..."

"అమ్మా, ఎప్పుడు తీశావు?"

"ఎండ ఇటు తిరక్కముందు. పాలు తాగనని ఏడ్చినప్పుడు."

"అప్పట్నుంచీ కిందికే వెళ్లలేదా?"

"మా కిటికీ సరిగ్గా ఈ కిందే. ఏడుపు వినబడుతూనే ఉంది. వినబడినంతసేపూ బాగున్నాడనే కదా, నిలబడ్డాను."

"ఇప్పుడూ ఏడుస్తున్నాడుగా! డాక్టరమ్మా, నాకూ వినబడుతోంది. ఇంతెత్తు గొంతేసుకుని..."

"అది కాదక్కా."

"ఏది కాదు?"

"ఆ ఏడుపు... నా ఫోన్లోది."

"అమ్మా, ఆ వీడియో ఆపు. వెంటనే ఆపు."

"ఆపాను."

"ఏం వినబడుతోంది?"

"ట్యాంకులో నీళ్ల చప్పుడు. అంతేనమ్మా."

"పిల్లా, మరి కింద ఏడుపేదీ?"

"అక్కా, నేను వెళ్లి చూడలేను. తలుపు దగ్గరగానే వేసొచ్చా... నువ్వొక్కసారి వెళ్లి వాణ్ణి చూడవూ?"