కుర్చీకి డెబ్భై ఏళ్ళు

కొత్త ఫ్లాటు హాల్లో, నిన్ననే కొన్న చెక్క కుర్చీ చుట్టూ ముగ్గురు: భార్య, భర్త, పాలిష్ మేస్త్రి. టైము మధ్యాహ్నం మూడు.

"ఎన్నేళ్ళు కావాలమ్మగారూ?"

"నీళ్ళా? ఉండు, ఫ్రిజ్‌లోవి తెస్తాను."

"నీళ్ళు కాదమ్మా, ఏళ్ళు! ఈ కుర్చీకి ఎన్నేళ్ళు వెయ్యమంటారు?"

"ఓ, అదా! డెబ్భై. ఐదింటికి మా మేనత్త వస్తోంది. ఆలోపు ముసలిదైపోవాలి."

"ఎవరు, మీ అత్తా?"

"మీరు మాట్లాడకండి! కుర్చీ."

"రెండు గంటల్లో డెబ్భయ్యా? నలభై దాకా పూచీ నాది. ఆపైన కాళ్ళు వణుకుతాయమ్మా."

"నీవా?"

"కుర్చీవి."

"ఈయన చేసిన పనికి నావే వణుకుతున్నాయి మేస్త్రీ! బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చెయ్యండీ అంటే, మా నాయనమ్మ కుర్చీ ఎత్తి పాత సామాన్లవాడి చేతిలో పెట్టారు."

"వాడు పాతదే అడిగాడే! పేరులోనే చెబుతున్నాడు కదా, పాత సామాన్లవాడని. మొన్న కొన్న ప్లాస్టిక్‌ది ఎలా ఇస్తాను?"

"నాయనమ్మ కుర్చీ నాకిచ్చిన రోజున అత్త ఏమందో గుర్తుందా? 'ఇది పోయిందని తెలిస్తే నీ గడప తొక్కను' అంది. నన్ను పెంచిన మనిషండీ. ఆవిడ రాకపోతే నాకు పుట్టిల్లే లేదు."

"నన్నేం చెయ్యమంటావు? ఈ ఇంట్లో ఏది దాచుకునేదో ఏది పారేసేదో నాకెలా తెలుస్తుంది? మోగని ఫోను అద్దాల బీరువాలో, మోగే ఫోను సోఫా కింద. కుట్టని మిషను మీద టీవీ. తిరగని గడియారం కింద తిరిగే ఫ్యాను... వింటేజంట! వింటే ఏజు, చూస్తే డ్యామేజు!"

"మేస్త్రీ, నువ్వు కానీ."

"కానిస్తున్నానమ్మా. సైకిల్ గొలుసుతో దెబ్బకి రెండేళ్ళు. మేకుతో పొడిస్తే పురుగు తిన్నట్టు ఓ ఇరవై. టీ డికాక్షన్ పూత ఒక్కోటి పదేళ్ళు."

"ఆ డికాక్షన్ నాకూ ఓ గ్లాసు..."

"మీకెందుకు బాబుగారూ, మీకు బాగానే పట్టింది వయసు."

"చూశావటే, ఇంటికొచ్చి మరీ పాలిష్ లేకుండా మాట్లాడుతున్నాడు!"

"ఏవండీ, నాలుగున్నరైంది! ఎంతవరకొచ్చింది మేస్త్రీ?"

"అరవై ఎనిమిది... ఉండండి... ఇదిగో, డెబ్భై!"

"అబ్బ! అచ్చం నాయనమ్మదే! ఆ ఒంపు, ఆ రంగు... అయ్యో, గాటు!"

"ఏం గాటే?"

"కుర్చీ కుడిచేతి మీద. మా నాన్న పళ్ళొచ్చే వయసులో కొరికిన గాటు. అత్త రాగానే ముందు దాన్నే తడుముతుంది. మేస్త్రీ, కొరుకు!"

"ముందు పళ్ళు లేవమ్మా. ఉలితో పెట్టనా?"

"ఉలి గాటు ఉలిలాగే ఉంటుంది. ఏవండీ, మీరు."

"నేనా? కుర్చీనా?"

"ఇచ్చేసిందెవరు?"

"...చేదుగా ఉందే!"

"డికాక్షన్‌లో చక్కెర వెయ్యరు బాబుగారూ."

"గట్టిగా! అలాక్కాదండీ, పాలపళ్ళు, పాలపళ్ళు! పులి పట్టినట్టుంది!"

"ఫన్ను... ఇయుక్కుంది..."

"ఏంటీ?"

"పన్ను ఇరుక్కుందంటున్నారమ్మా."

"బెల్లు! మేస్త్రీ, తలుపు తియ్యకు!"

"తీసేశానమ్మా."

"అత్తా! అప్పుడే వచ్చేశావా! అదీ... ఈయన... కుర్చీ వాసన చూస్తున్నారు. పాత చెక్క కదా, భలే వాసన."

"పళ్ళతోనా? కాస్త ఎడమకి జరగండి అల్లుడుగారూ. పోయినసారి మా ఆయన అక్కడ కొరికారు."

"పోయినసారా! మామయ్య ఎందుకు కొరికాడత్తా?"

"అసలు కుర్చీని ఆయన ఎప్పుడో పాత సామాన్లవాడికి ఇచ్చేశారే. మీ నాన్న చూడ్డానికొస్తున్నాడంటే ఒక కొత్తది కొని, ఏళ్ళు వేయించి, ఆయన చేత కొరికించాను. నీకిచ్చింది అదే."

"మరి, పోతే గడప తొక్కనన్నావు?"

"భయపెట్టకపోతే జాగ్రత్తగా చూస్తావా? మూడోది కొరకడానికి మీ మామయ్యకి పళ్ళేవీ?"

"ఇంతకీ నాన్న కనిపెట్టలేదా?"

"ఎక్కడ! ఆ గాటు వేలితో తడిమి, 'ఇవి నా పాలపళ్ళే అక్కా' అని గంటసేపు ఏడ్చాడు."