వాకిట్ల నిలబడ్డోడు

"పెద్దతాతా, రికార్డింగ్ పెట్టిన. 'ఏడో వాకిలి' ఫస్ట్ రిలీజ్ ఇక్కడ నువ్వే ఆడిచ్చినవ్ గదా, ఆపరేటర్‌వి. ఆ వాకిట్ల జంపు ఉంటది సూడు, దాని గురించి చెప్పు. లోపట ఏమైందంటవ్? పార్ట్ టూ శుక్రవారం వస్తాంది. అప్పటిలోపు నా వీడియో పెట్టాలె."

ఆఁ... పెట్టినవా? పడుతాందా అండ్ల? సరే. ఆ ఫ్యాను జర తగ్గియ్యి శిరీషా, దాని సప్పుడే పడ్తది.

పార్ట్ టూ అంటవ్. ఏం పార్టులో ఏమో బిడ్డా. మా కాలంల ఆఖర్ల 'శుభం' అని పడాలె, జనం లేవాలె, సైకిళ్ళు దీసుకోని ఇంటికి పోవాలె. ఇప్పుడు మూడు గంటలు కూసోబెట్టి, ఆఖర్కి హీరోను గుట్ట మీది నుంచి నూకి, మిగతాది రెండేండ్లకు రాండ్లి అంటాండ్లు. రెండేండ్లకు నేనుంటనో పోతనో, నీ కత కోసం పానం బిగబట్టుకోని కూసోవాల్నా? ఇంకొకటి, సచ్చినోడు లేసొస్తడు. మొదటి దాంట్ల కాల్చి బూడిద జేస్తరు, రెండో దాంట్ల వాడు సావలేదంటరు. ఒళ్ళు మండుతది నాకు. సచ్చినోడు సచ్చినట్టే ఉండాలె. కని జూస్త మల్ల. తిట్టుకుంట జూస్త. యాభై ఏండ్ల అలవాటు, యాడికి పోతది.

ఏం జెప్తాన్న? ఆఁ, ఏడో వాకిలి. మీ అమ్మకు అప్పుడు మూడేండ్లు. నేల టికెట్ రూపాయి... కాదు, రూపాయి పావలా. ఫట్‌మని పోయింది సినిమా. శుక్రారం మ్యాట్నీకే ఈలలు, తిట్లు. ఒకడు సీటు చింపి దూది తెర మీదికి ఇసిరిండు. ఇయ్యాల అదే సినిమా మల్ల రిలీజైతె మీరు కాయితాలు ఇసురుతాండ్లు, లేసి దండం బెడుతాండ్లు. ఆ వాకిలి జంపు అంగి మీద అచ్చేసుకున్నరు గదా మీ దోస్తులు? హీరో పాగ కట్టుకోని వాకిట్లకు పోతడు. టక్కున బైటకొస్తడు. నెత్తి మీద పాగ లేదు, ఛాతంత తడి. లోపట ఏమైందో సూపియ్యలె, డైరెక్టర్ ఏం తెలివి జేసిండు, అంటాండ్లు. నువ్వే మూడు వీడియోలు జేసినవ్. లోపట సొంత తమ్ముణ్ణి సంపిండు, పాగ వాని మీద కప్పి వచ్చిండు అని జెప్పినవ్. రెండో పార్టోళ్ళు గూడ గదే కత పట్టుకున్నరు, ట్రైలర్ల సూపిస్తాండ్లు. తమ్ముని మీద పాగ కప్పేది. అది జూసిన కాడికెల్లి నాకు అన్నం పోతలేదు బిడ్డా.

లోపట ఎవ్వడు ఎవ్వన్ని సంపలె. లోపట ఉన్నది మీ తాత. మీ అమ్మోళ్ళ బాపు, నా తమ్ముడు సమ్మయ్య.

ఉండు, ఉండు. నవ్వకు. మీ అమ్మ జెప్పింది నాకెరుకే. మా బాపు ఉత్త కోతలరాయుడు, సినిమాల ఏసిన్నని వాడకట్టంత జెప్పుకోని నగుబాటు పాలైండు అని గదా? గదే పొరపాటు. నన్ను మొత్తం జెప్పనియ్యి. మద్దెల ఆగితె మల్ల నాకు ధైర్యం రాదు.

షూటింగ్ మన వరంగల్ ఖిలలనే అయింది. మూడు దినాలు. నేను డ్యూటీ నాగా పెట్టి మూడు దినాలు ఎండల నిలబడ్డ. నెత్తికి నూనె రాసి దువ్వి, పెండ్లినాటి అంగి ఏసుకోని. నాకు సినిమా అంటె పానం. రీలు పట్టుకుంటె చేతులు కడుక్కోని పట్టుకునేటోన్ని. ఆ అసిస్టెంటు డైరెక్టర్ ఎన్క తిరిగిన, సార్, గుంపుల నన్ను గూడ నిలబెట్టుండ్లి సార్ అని. వాడు నా మొఖం గూడ జూడలె. మూడో దినం సమ్మయ్య నాకు క్యారియర్ల బువ్వ దెచ్చిండు. వాడు ఈడనే మట్టెవాడల జంపఖానాలు నేసేటోడు. పొద్దున కూసుంటె మాపు దాంక మగ్గమే, సినిమా అంటె వానికి సోయే లేదు. ఆ దినం కావలోని ఏషం ఏసేటోనికి జరమొచ్చిందట. అసిస్టెంటు అటిటు జూసి, 'ఆ క్యారియర్ పట్టుకున్నతనూ, నువ్వు రా' అన్నడు.

వాడు క్యారియర్ నా చేతిల బెట్టి పొయ్యిండు.

మంచిగ జేసిండు. అబద్ధమెందుకు. ఒక్కసారికే ఓకే అయింది. చేతికి మా అవ్వ కట్టిన దారం ఉంటె, అదిప్పమన్నరు, వీడు ఇప్పనన్నడు, ఇగ అట్లనే దీసిండ్లు. నేను క్యారియర్ పట్టుకోని జూసిన. ఆ దినం బువ్వ తినలె.

తర్వాత వాడంత పండుగ. సమ్మన్న సినిమాల ఏసిండు, సమ్మన్న హీరో. మీ అమ్మను భుజాల మీద ఎక్కిచ్చుకోని తిరిగేటోడు. ఎవ్వడన్న వచ్చి నన్నడిగేటోడు, నీ తమ్ముడట గదా మల్లయ్యా, నువ్వు టాకీసుల మిషన్ కాడ ఉంటవ్, నిన్ను పెట్టుకోలేదా అని. నవ్వుకుంటనే అడిగేటోళ్ళు. నేను గూడ నవ్వేటోన్ని. కడుపుల మాత్రం మంట బిడ్డా. సొంత తమ్ముడని గూడ సూడని మంట.

శుక్రారం రిలీజ్. మగ్గాలకు ఆదారం సెలవు గాబట్టి వాడంత ఆదారం పోదామనుకున్నరు. శుక్రారం సీను వచ్చినప్పుడు హాల్ల నూరు మంది గూడ లేరు, అండ్ల మనోడు ఎవ్వడు లేడు. నేను క్యాబిన్ బొక్కల నుంచి జూసిన. మొఖం తెరంత వచ్చింది వానిది. తెరంత.

శనారం మ్యాట్నీ అయినంక మేనేజర్ వచ్చిండు. జనం నిలుస్తలేరు మల్లయ్యా, పది నిమిషాలు లేపెయ్ అన్నడు. అప్పుడు అన్ని టాకీసులల్ల అది మామూలే. సినిమా సాగితె ఆపరేటరే కోసేటోడు. కోసిన తుకుడలు డబ్బల దాసి, రీళ్ళ పెట్టె వాపస్ పొయ్యేటప్పుడు బ్లేడుతోని గీకి, ఫిలిం అతికే సిమెంటు పూసి, మల్ల అతికి పంపాలె. కాయిదా అది. ఏది కొయ్యాల్నో మేనేజర్ జెప్పలె. గది సూడు శిరీషా. ఏది కొయ్యాల్నో నా ఇష్టం. రెండు పాటలుండె, ఎవ్వడు జూడని పాటలు. అవి రెండు కోస్తె పది నిమిషాలు ఎల్లిపోతుండె. నేను రెండు పాటలు కోసిన. కోసినంక... ఆ వాకిలి రీలు గూడ దీసిన. రెండు నిమిషాలు ఉంటదో ఉండదో ఆ తుకుడ. ఎవ్వడు కొయ్యమనలె. నేనే కోసిన.

ఆదారం మ్యాట్నీకి నలభై మంది వచ్చిండ్లు. మా అవ్వ పెట్టెల దాసుకున్న చీర కట్టింది. మీ అమ్మమ్మ, ఆమె ఒడిల మీ అమ్మ. సమ్మయ్య నడుమ సీట్ల కూసున్నడు. హీరో వాకిట్లకు పొయ్యిండు. వీడు మీ అమ్మను లేపి నిలబెట్టిండు, సూడు బిడ్డా సూడు అని. టక్కున హీరో బైటకొచ్చిండు. ఎవ్వడో అన్నడు, ఏదిరా సమ్మా నీ ఏషం? ఇగ నవ్వులు. వాడు నవ్వలె. మెల్లగ ఎన్కకు తిరిగి క్యాబిన్ బొక్క దిక్కు జూసిండు. చీకట్ల నేను కనవడ్తనా? కనవడ. అయినా నేను పక్కకు జరిగిన.

ఆట అయినంక మెట్ల కాడ అడిగిండు. అన్నా, నువ్వేమన్న కోసినవా? అని. కోపంగ గాదు, మామూలుగనే అడిగిండు. నేనన్న, లేదురా, పెట్టె ఇట్లనే వచ్చింది, డైరెక్టరే తీసేసిండేమో అన్న.

సోమారం సినిమా ఎత్తేసిండ్లు. పెట్టె తొర్రూరుకు పోవాలె. అప్పుడన్న అతకాలె గదా? పాటలు రెండు అతికిన. ఇది అతకలె. తొర్రూరుల ఎవ్వడన్న మనోడు జూస్తె, సమ్మయ్య ఉన్నడు గదా అంటడు, నా దొంగతనం బైటవడతది. ఆ తుకుడను బిస్కెట్ల డబ్బల ఏసి ఇంటికి దెచ్చుకున్న. గా తర్వాత ఏమైందంటె... తొర్రూరుకు పొయ్యిండు వాడు. మగ్గం నాగా పెట్టి, బస్సెక్కి, డైరెక్టర్ ఒక పెట్టెల తీసేసినా ఇంకో పెట్టెల ఉంచుతడేమో అని. అదే పెట్టె అని వానికేం తెలుసు. రెండాటలు వరుసగ జూసిండట. వచ్చి నా కాడ కూసోని, నువ్వన్నదే నిజం అన్నా, డైరెక్టరే తీసేసిండు, నేను మంచిగ జెయ్యలేదేమో అన్నడు.

బిస్కెట్ల డబ్బ అప్పుడు నా ఇంట్లనే ఉండె.

మల్ల వాడు సినిమాకు పోలె. బజార్ల పోతాంటె వాకిలి హీరో అని పిలిచేటోళ్ళు. మీ అమ్మను బడిల గూడ పిలిచిండ్లు, హీరో బిడ్డ అని. ఆ పేరు మీ అమ్మ ఇప్పటికి మర్సిపోలె. ఘన్‌పూర్‌కు పెండ్లి జేసి ఇచ్చినంక గూడ మట్టెవాడకు వస్తె తల వంచుకోని నడుస్తది, సూసినవా ఎన్నడన్న? మూడేండ్లకు వానికి దమ్ము పట్టింది, దూది దుమ్ము. దవాఖానల పదిహేను దినాలున్నడు. ఒకనాడు నా చెయ్యి పట్టుకోని, అన్నా, షూటింగ్ కాడ నువ్వొక్కనివే జూసినవ్ గదా, మంచిగనే జేసిన గదా? అన్నడు. గప్పుడన్న జెప్పొచ్చు. మంచిగ జేసినవ్‌రా, తెరంత వచ్చినవ్ అని ఒక్క మాట. నేనేమన్న? మాట్లాడకు, దమ్మొస్తది అన్న. తెల్లారి పొయ్యిండు.

వానిది ఫొటో గూడ సక్కగ లేదు బిడ్డా. పెండ్లి ఫొటోల కండ్లు మూసుకున్నడు.

ఇగ నిరుడు మీరు మల్ల రిలీజ్ అన్నరు. మద్రాసుల నెగెటివ్ ఖరాబైందట, ఒక్క ప్రింటే యాడనో గోదాంల దొర్కిందట. నువ్వు ఉరికొచ్చి ఫోన్ల సూపిచ్చినవ్, తాతా, డబ్బల మీద మన వరంగల్ టాకీస్ పేరున్నది అని. ఆ రాత నాదే. అయినా ఆశ జూడు. ఎవ్వడన్న యాడనన్న ఆ తుకుడ దొర్కబట్టి అతికిండేమో అనుకోని నీ ఎంట మాల్‌కు వచ్చిన. మీ అమ్మను రమ్మంటె రాలె. అండ్ల మా బాపు లేడు, నేనెందుకన్నది. హీరో వాకిట్లకు పొయ్యిండు. గీతలన్ని తుడిసి కొత్తదాని లెక్క జేసిండ్లు, నా జాయింటును మాత్రం ఏం జేస్తరు? టక్కున బైటకొచ్చిండు. హాలంత లేసి ఈలలు. నా పక్క పిలగాడు, ఏం కట్ తాతా ఇది, ప్రపంచంల ఎవ్వడు జెయ్యలె అన్నడు. నాకు కండ్లల్ల నీళ్ళొస్తె నువ్వు వీడియో దీసి పెట్టినవ్, మా తాత ఎమోషనల్ అని. ఎన్ని లైకులొచ్చినయ్ అంటివి? పోనీ, వద్దు, జెప్పకు.

ఇంటికొచ్చి ఆ డబ్బ దీసిన. మూత తియ్యంగనే సిర్కా లెక్క పుల్లటి వాసన. రీలంత ఒకదాన్నొకటి కరుసుకోని బెల్లం ముద్ద లెక్కయింది. నీళ్ళల్ల నానబెట్టిన, గోటితోని గీకిన. కొసకు జానెడు ఊడొచ్చింది. రంగు పొయ్యి ఎర్రగైంది. ఇగో, ఈ కాయితంల ఉన్నది. వెలుగుకు పెట్టు. కుండ కనవడ్తాందా? కుండ పట్టుకున్న చెయ్యి? అంతే. మొఖం రాలె. నాలుగు దినాలు గీకిన, రాలె.

నీకు కత గావాలె గదా. రాసుకో. దొర మనుషులు తరుముతాంటె హీరో వాకిట్లకు వస్తడు. కావలోడు బల్లెం అడ్డం పెడ్తడు. హీరో మొఖం జూస్తడు, పెదవులు ఎండినయ్. బల్లెం గోడకు ఆనిచ్చి కుండెత్తి నీళ్ళు పోస్తడు. ఛాతి తడిసింది అందుకే. హీరో పాగ తీసి వాని భుజం మీద కప్పుతడు. అప్పుడు వీడంటడు, నువ్వు పో, నేను జూడలేదని జెప్త. గొంతు వానిది గాదు, మద్రాసుల ఎవ్వనితోనో చెప్పిచ్చిండ్లు. మొఖం, పెదవులు వానియే. అంతే సీను. సంపుడు లేదు, ఏం లేదు. జూడలేదని జెప్త అని వాడు సినిమాల ఒక్కతాప అన్నడు. నేను బతుకంత అదే జెప్పుకుంట వచ్చిన.

చెయ్యి ఫోన్ దిక్కు పోతాందేం? ఆపకు, ఫోన్ ఆపకు. ఊరోళ్ళకు పెడ్తవో పెట్టవో నీ ఇష్టం. ముందుగాల మీ అమ్మకు ఇనిపియ్యి. ఆమె ఎదురుంగ నాకు నోరు రాదు. నువ్వు సల్లగుండు బిడ్డా, మంచిగ సదువుకో. నా దీవెన తీసుకోవాల్నో వద్దో మీ అమ్మనడిగి తీసుకో.

సరోజమ్మా... నేను, మీ పెద్దబాపును. మీ బాపు అబద్ధం జెప్పలె బిడ్డా. మంచిగ జేసిండు, తెరంత వచ్చిండు. పిల్లతోని చిన్న తుకుడ పంపుతాన్న. కిటికి కాడ వెలుగుకు పట్టుకోని సూడు. దారం కట్టుంటది సూడు... ఆ చెయ్యి మీ బాపుదే.